బస్సు క్రిందికి తోయుట: ఒక ఇంగ్లీషు మాట, ఒక పాత పాపము



ఈ మధ్య మన యౌవనస్థుల నోట ఒక ఇంగ్లీషు మాట తరచుగా వినబడుతున్నది. "మా మేనేజరు నన్ను బస్సు క్రింద పడేశాడు" అని ఒకరు, "నేనైతే ఎవరినీ బస్సు క్రిందికి తొయ్యను" అని మరొకరు. బెంగుళూరు, చెన్నై, పూణే ఆఫీసులలో పనిచేసే మన పిల్లలకు ఇది రోజువారీ మాట. ఇంట్లో పెద్దవారు విని గాబరా పడతారు. ఒక తల్లి నిజముగానే ప్రమాదము జరిగిందనుకొని బుధవారపు ప్రార్థన కూటమునకు విన్నపము వ్రాసి పంపినదట. ఆమె ప్రార్థన వ్యర్థమైనదని మేము అనుకోము.

ఇంగ్లీషులో "త్రో అండర్ ద బస్" అంటే, తన మీదికి వచ్చే నిందను తప్పించుకొనుటకు తనను నమ్ముకొని ప్రక్కన నిలిచినవానిని ముందుకు తోసివేయడము. 1980ల నాటి నుండి ఇంగ్లాండు, అమెరికా పత్రికలలో కనబడుతూ వచ్చిన ఈ మాట 2008 అమెరికా అధ్యక్ష ఎన్నికల వార్తలలో విపరీతముగా వాడబడింది. అక్కడి ఆఫీసులకు పాకి, ఆ ఆఫీసులతో రాత్రింబవళ్ళు ఫోనులో మాట్లాడే మన పిల్లలకు అంటుకున్నది.

ఉపాధ్యాయ శిక్షణలో మాకు ఒక సంగతి గట్టిగా నేర్పారు. పరభాషలోని జాతీయమును మాటకు మాట తెలుగు చేయకూడదు. మన భాషలో అదే పని చేసే మాట ఏదో వెతకాలి. వెతికితే మనకున్నది "నట్టేట ముంచడము". అయితే రెండింటికీ తేడా ఉన్నది. నట్టేట ముంచేవాడు మనలను పడవ ఎక్కించుకొన్నవాడు; తెడ్డు అతని చేతిలో ఉన్నది, ఒడ్డున చూచేవారు లేరు. బస్సు మాటలో తోసేవాడు నడివీధిలో మన ప్రక్కనే నిలబడినవాడు. అదే బస్సు తన మీదికి వస్తుందన్న భయముతో తోస్తాడు. కనుక మన తెలుగు మాటలో ద్రోహము ఎక్కువ, ఇంగ్లీషు మాటలో భయము ఎక్కువ. "ఆడలేక మద్దెల ఓడు" అనే సామెత కూడా ఉన్నది గాని, మద్దెలకు జీతము లేదు, ఇంటి అద్దె లేదు, పిల్లల ఫీజులు లేవు.

కోలారు బంగారు గనులలో, హుబ్లీ రైల్వే వర్క్‌షాపులో, షోలాపూరు మిల్లులలో, ఖుర్దా రోడ్డు రైల్వే కాలనీలలో బ్రతుకు వెళ్ళదీసిన మన తండ్రులు తాతలు ఈ మాట ఎరుగరు. సంగతి మాత్రము బాగా ఎరుగుదురు. మేస్త్రీ తప్పు కూలివాని నెత్తిన, ఫోర్‌మన్ తప్పు ఫిట్టరు నెత్తిన పడడము వారు చూచినదే. అప్పుడు తప్పు పైనుండి క్రిందికే జారేది. ఇప్పుడు ప్రక్కకు కూడా జారుతున్నది.

ఈ మాటను గూర్చి వ్రాయవలెనని మాకు అనిపించుటకు కారణము ఒక అమ్మాయి అడిగిన ప్రశ్న. ఆమె బెంగుళూరులో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఉద్యోగము చేస్తున్నది. ఆమె పైనున్న టీం లీడ్ మన విశ్వాసియే, ఆమె కూర్చునే సంఘములోనే కూర్చుంటాడు. ఆమెకు ఉద్యోగము దొరకడానికి పేరు సిఫారసు చేసినవాడు కూడా ఆయనే. ఒక శుక్రవారము సాయంకాలము ఒక మార్పును పరీక్ష పూర్తి కాకుండానే పెట్టేయమన్నాడు. "సార్, పరీక్ష ఇంకా సగమే అయినది" అని ఆమె మెయిలు వ్రాసింది. "పరవాలేదు, కానివ్వు" అని జవాబు ఇచ్చాడు. ఆ రాత్రి సిస్టము నిలిచిపోయింది. సోమవారము పై అధికారులందరూ ఉన్న ఫోను సమావేశములో, "ఆ అమ్మాయి పరీక్ష చేయడము మరచిపోయింది" అన్నాడు. పై వారు ఆమెనే జరిగినదంతా వ్రాసి ఇమ్మన్నారు.

"అంకుల్, ఆ మెయిలు జతచేస్తే నేను ఆయనను బస్సు క్రిందికి తోసినట్లే కదా? జతచేయకపోతే తప్పంతా నాదే అవుతుంది. విశ్వాసిగా ఏది చేయాలి?" ఇదీ ఆమె ప్రశ్న.

మా తోటి పెద్ద ఒకరు వెంటనే జవాబు చెప్పారు. "అమ్మా, మొదటి పేతురు రెండవ అధ్యాయము చదువు. అన్యాయముగా శ్రమపడి సహించుట దేవునికి హితము. ఊరుకో." ఆయన భక్తిని మేము శంకించము. కాని ఆ జవాబును మేము ఒప్పుకోలేదు. పేతురు గారు శ్రమను సహించమన్నారే గాని, జరగని సంగతిని జరిగినట్లు వ్రాసి సంతకము చేయమనలేదు. "నేను మరచిపోయాను" అని ఆ అమ్మాయి వ్రాస్తే అది సహనము కాదు, అబద్ధ సాక్ష్యము. తన మీద తానే చెప్పుకొన్నంత మాత్రాన అబద్ధము సత్యమైపోదు.

పైగా ఈ మాటలో ఒక ఉరి దాగి ఉన్నది. "నన్ను బస్సు క్రిందికి తోయకు" అని బ్రతిమాలుకొనేవారిలో కొందరు, అంతకు ముందే మరొకరిని తోసినవారు. తోయబడినవాడు నోరు తెరచి "నన్ను తోసినది ఇతడు" అంటే, ద్రోహి అన్న పేరు వానికే వస్తుంది. ఏ మాట నిందను పంచుకోలేని పిరికితనమును ఖండించుటకు పుట్టిందో, ఆ మాటే సత్యము చెప్పబోయేవారి నోటికి గుడ్డ అవుతున్నది. మన యౌవనస్థులు ఈ ఇంగ్లీషు మాట అర్థము నేర్చుకొన్నారు గాని, దానిని ఎవరు ఎప్పుడు వాడుతున్నారో గమనించడము ఇంకా నేర్చుకోవాలి.

సత్యము ఎందుకు అవసరమో రైల్వే కుటుంబాలకు చెప్పనక్కరలేదు. మన దేశములో పెద్ద రైలు ప్రమాదము జరిగితే విచారణ చేసే రైల్వే భద్రతా కమిషనరు రైల్వే శాఖ క్రింద పనిచేయడు. పౌర విమానయాన శాఖ క్రింద ఉంటాడు. ఈ తనిఖీ విభాగమును 1941లోనే రైల్వే బోర్డు అజమాయిషీ నుండి వేరు చేశారు. రైళ్ళు నడిపేవారే తమ రైలు ఎందుకు పడిపోయిందో తేల్చితే, తప్పు పాయింట్స్‌మన్ దగ్గరనో డ్రైవరు దగ్గరనో ఆగిపోవచ్చును. పాయింట్స్‌మన్‌ను సస్పెండు చేసి ఫైలు మూసివేస్తే, పాడైన సిగ్నలు పాడైనట్లే ఉంటుంది. మరుసటి నెల మరొక రైలు అక్కడికే వస్తుంది. ఆ అమ్మాయి ఆఫీసులో కూడా అంతే. "మరచిపోయింది" అని వ్రాసుకొంటే, పరీక్ష లేకుండా పని తోసివేసే అలవాటు అలాగే ఉండి, వచ్చే శుక్రవారము మరొకరి నెత్తిన పడుతుంది.

అయితే మెయిలు చూపించడమే సరియైనదా? అంత సులువుగా మేము అవునని అనలేము. ఇక్కడ వాక్యము మనలను కొంచెము నిదానముగా నడిపించాలి.

తప్పును ఇతరుల మీదికి నెట్టడము ఏదెనులోనే మొదలైనదని సండే స్కూలు పిల్లలకు కూడా తెలుసు. ఆదాము స్త్రీని చూపించాడు; ఆ స్త్రీని ఇచ్చినది నీవే కదా అని దేవునిని కూడా చూపించాడు. అహరోను ప్రజలను చూపించి, బంగారము అగ్నిలో వేస్తే దూడ దానంతట అదే బయటికి వచ్చినట్లు మాట్లాడాడు. సౌలు కూడా ప్రజలనే చూపించాడు. గమనించండి: ఈ ముగ్గురిలో ఎవరూ పూర్తిగా అబద్ధము ఆడలేదు. స్త్రీ పండు ఇచ్చిన మాట నిజమే. ప్రజలు దూడను అడిగిన మాట నిజమే. ఎదుటివాని వంతు చెప్పి తన వంతు మ్రింగివేయడములోనే వారి పాపమున్నది.

ఆ అహరోనుకే తరువాత దేవుడు ఒక పద్ధతి ఇచ్చాడు. లేవీయకాండము 16వ అధ్యాయములో ప్రాయశ్చిత్త దినమున రెండు మేకలు. ఒకటి బలికి, మరొకటి అరణ్యములోనికి విడిచిపెట్టుటకు. 1530లో విలియం టిండేల్ ధర్మశాస్త్ర గ్రంథములను ఇంగ్లీషులోనికి తర్జుమా చేస్తూ, ఆ రెండవ మేకకు "స్కేప్‌గోట్" అనే మాట కల్పించాడు. ఈనాడు ఆఫీసులలో ఏ తప్పూ లేకుండా నింద మోసేవానిని స్కేప్‌గోట్ అంటారే, ఆ మాట పుట్టినది టిండేల్ బల్ల మీద. 1535లో ఆంట్వెర్ప్ నగరములో, స్నేహితునిగా నటించి డబ్బు కూడా అప్పు తీసుకొన్న హెన్రీ ఫిలిప్స్ అనేవాడు టిండేల్‌ను భోజనమునకని వీధిలోనికి తీసుకొని వచ్చి, కాచుకొని ఉన్న అధికారులకు పట్టించాడు. మరుసటి సంవత్సరము టిండేల్‌ను గొంతు నులిమి చంపి దహించారు.

మేక దగ్గరకు వద్దాము. అహరోను ఆ మేక మీద చేతులు ఉంచుటకు ముందు ఏమి చేయాలి? తన నిమిత్తము, తన యింటివారి నిమిత్తము ఒక కోడెను అర్పించాలి. తన వంతు మొదట. ఆ తరువాత మేక మీద రెండు చేతులు ఉంచి, ప్రజల దోషములన్నిటినీ నోటితో ఒప్పుకోవాలి. అంటే మేక మీద భారము ఎక్కినప్పుడు ఆ భారము ఎవరిదో అక్కడున్న ప్రతివానికి తెలుసు. మేకే తప్పు చేసిందని ఎవ్వరూ అనలేదు. ఆఫీసులో మనము చేసేది దీనికి పూర్తిగా తలక్రిందులు. కోడె లేదు, ఒప్పుకోలు లేదు, మేక మాత్రమున్నది. పైగా, తప్పు మేకదేనని రిపోర్టు.

మరి ఇతరుల భారము మోయడము? అది సువార్తకు గుండెకాయ కదా? మా తోటి పెద్ద అడిగినది కూడా అదే. దీనికి మాకు ఫిలేమోను పత్రిక చాలా సహాయము చేసింది. ఒకే ఒక అధ్యాయము గనుక మన ప్రసంగములలో దానికి వంతు తక్కువగా వస్తుంది. ఒనేసిము ఏమైనా నష్టము చేసియుంటే దానిని నా లెక్కలో వేసుకో అని పౌలు వ్రాశాడు. నేనే తీరుస్తానని తన స్వహస్తముతో వ్రాశాడు. ఒనేసిము ఏ అప్పూ లేడని వ్రాయలేదు. "ఆ డబ్బు నేనే తీసికొన్నాను" అని కూడా వ్రాయలేదు. అప్పు ఎవరిదో లెక్కలో అలాగే ఉన్నది; తీర్చేది మాత్రము పౌలు. ప్రేమ అప్పు తీరుస్తుంది గాని లెక్కల పుస్తకమును దిద్దదు. మోయడము వేరు, మరుగుపరచడము వేరు. ఈ రెండింటినీ ఒకటే అనుకొనుట వలన మన సంఘములలో మెత్తని మనసున్నవారు, ముఖ్యముగా ఆడపిల్లలు, చాలా నష్టపోతున్నారు.

ఈ సంగతులన్నీ మాట్లాడిన తరువాత మేము ఆ అమ్మాయిని అడిగినది ఒక్కటే: "అమ్మా, ఇందులో నీ వంతు ఏమైనా ఉన్నదా?" ఆమె చాలాసేపు ఊరుకొని చెప్పింది. ఆ రాత్రి పదకొండు గంటలకు హెచ్చరిక తన ఫోనుకు వచ్చిందట. దానంతట అదే సర్దుకొంటుందిలే అని పడుకొన్నదట. ఒంటిగంటకు మళ్ళీ మోగితే అప్పుడు పైవారికి చెప్పింది. ఆ రెండు గంటల మాట అప్పటివరకు ఎవరికీ చెప్పలేదు.

ఆమె మొదట ఆయన దగ్గరకు ఒంటరిగా వెళ్ళింది. మత్తయి 18వ అధ్యాయములోని ఆ మెట్టు మన సంఘ నిబంధనలలో ఉన్నదే గాని ఎవరూ ఎక్కరు. నేరుగా మూడవ మెట్టు నుండి మొదలుపెడతారు. "సార్, నేను జరిగినది జరిగినట్లు వ్రాస్తున్నాను. నా రెండు గంటల ఆలస్యము మొదట వ్రాస్తాను. మెయిళ్ళు కూడా జతచేస్తాను. ముందుగా మీకు చెప్పాలని వచ్చాను. మీరు కూడా మీ మాట వ్రాస్తే ఇద్దరమూ కలిసే పంపుదాము" అన్నది. ఆయన కలిసి వ్రాయలేదు. "ఉద్యోగము ఇప్పించినందుకు ఇదా?" అన్నాడు. ఆమె ఒక్కతే వ్రాసి పంపింది. అందులో ఆయన స్వభావమును గూర్చి ఒక్క ముక్క లేదు, పాత సంగతులు లేవు. ఏ గంటకు ఏమి జరిగిందో అంతే.

ఫలితము చెప్పమంటారా? ఆమెకు ఉద్యోగము పోలేదు, గాని ఆ సంవత్సరము జీతము పెరగలేదు; వేరే టీముకు మార్చారు. ఆయనకు ఒక హెచ్చరిక ఉత్తరము వచ్చిందట. కొన్ని ఆదివారములు ఆయన గుడికి రాలేదు. తరువాత వచ్చాడు. ప్రభువు బల్ల దగ్గర ఇద్దరూ ఒకే వరుసలో నిలబడినప్పుడు మాకు భయముగానే ఉన్నది. ఇప్పటికి వందనము మాత్రము చెప్పుకొంటున్నారు.

పై కుర్చీలలో ఉన్న మన విశ్వాసులకు కూడా ఒక మాట చెప్పాలి. మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఆ కుర్చీలలోనే ఉన్నారు. "పాస్ ద బక్" అని ఇంగ్లీషులో మరొక మాట ఉన్నది. ఇది పుట్టినది పేకాట బల్ల దగ్గర. ముక్కలు పంచవలసినవాని ముందు కొమ్ముపిడి కత్తి ఒకటి గుర్తుగా పెట్టేవారు. పంచడము ఇష్టము లేనివాడు దానిని ప్రక్కవానికి జరిపేవాడు. బాప్తిస్టులమైన మనకు పేకాటతో పని లేదు, గాని ఆ పేకాటను బాగా ఇష్టపడిన బాప్తిస్టు ఒకాయన ఉన్నాడు. ఆయన అమెరికా అధ్యక్షుడు హారీ ట్రూమన్. 1945లో ఆయన బల్ల మీదికి ఒక చిన్న పలక వచ్చింది. బక్ ఇక్కడ ఆగిపోతుంది, ఇక ముందుకు జరగదు అని దాని మీది మాటల భావము. ఆ పలక తయారైనది ఓక్లహోమా రాష్ట్రములోని ఎల్ రీనో అనే చోట, ఖైదీలుండే ఒక సంస్కరణాలయములో. తమ తప్పుకు శిక్ష అనుభవిస్తున్నవారి మధ్యనుండి వచ్చిన పలక దేశాధ్యక్షుని బల్ల మీద నిలిచింది!

మన దేశములో ఇంతకంటె పెద్ద సాక్ష్యము ఉన్నది. 1956 సెప్టెంబరులో, అప్పటికి హైదరాబాదు రాష్ట్రములో ఉన్న మహబూబ్‌నగర్ దగ్గర వంతెన కొట్టుకొనిపోయి రైలు పడిపోయింది. నూరుమందికి పైగా చనిపోయారు. రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి గారు రాజీనామా ఇస్తే నెహ్రూ గారు అంగీకరించలేదు. నవంబరులో తమిళదేశములోని అరియలూరు దగ్గర మళ్ళీ అటువంటి ప్రమాదమే జరిగింది. శాస్త్రి గారు మళ్ళీ రాజీనామా ఇచ్చారు, ఈసారి అంగీకరించబడింది. వరదను ఆయన పంపలేదు, రైలును ఆయన నడపలేదు. చూపించదలచుకొంటే ఇంజనీర్లున్నారు, గాంగ్‌మెన్ ఉన్నారు. ఆయన వారి ముందుకు వచ్చి నిలబడ్డారు. విచారణ మాత్రము ఆగలేదు. ఎవరి వంతు ఎంతో అది తేల్చుకొంటుంది.

గెత్సేమనే తోటలో మన ప్రభువు చేసినది చూడండి. బంట్రౌతులు దివిటీలతో వచ్చినప్పుడు ఆయనే ముందుకు వచ్చి, మీరు వెదకుచున్నది నన్నే అయితే వీరిని పోనియ్యండి అన్న భావముతో మాట్లాడాడు (యోహాను 18:8). కొద్ది గంటల తరువాత ఆ శిష్యులలో ఒకడు తనకు ఆయన ఎవరో తెలియదని ఒట్టు పెట్టుకొంటాడని ఆయనకు తెలుసు. ఆ సంవత్సరపు ప్రధానయాజకుడైన కయప మాత్రము, జనమంతా నశించుటకంటె ఒక్కడు చనిపోవుట మేలని లెక్క వేశాడు. ఆఫీసులలో ఎవరో ఒకరి పేరు చెప్పి పని గడుపుకొందామనే ప్రతి సమావేశములో కయప లెక్కే నడుస్తున్నది.

ఆఫీసులను గూర్చి ఇంత వ్రాసి మన గుడులను వదిలిపెట్టుట న్యాయము కాదు. కానుకలు తగ్గితే పాస్టరు గారి ప్రసంగము బాగుండలేదంటాము. యౌవనస్థులు తెలుగు చదవలేక వేరే గుడులకు పోతే పాస్టరు గారు సందర్శనములు చేయలేదంటాము. ఇంట్లో పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పనిది ఎవరు? సర్వసభ్య సమావేశములో భవన నిధి లెక్క తేలకపోతే, అంతకు ముందు సంవత్సరము ఊరు మారిపోయిన కోశాధికారి పేరు చెప్పడము ఎంత సులువు! ఎదుట లేనివాడు జవాబు చెప్పలేడు.

యోనా ఎక్కిన ఓడలోనివారు అన్యులు. తుపాను ఎవరి వలన వచ్చిందో వారికి తెలిసిపోయింది. ఆ మనిషి తానే ఒప్పుకొన్నాడు, నన్ను ఎత్తి సముద్రములో పడవేయండి అని తానే చెప్పాడు. అయినా వారు వెంటనే ఎత్తలేదు. ఒడ్డు చేరాలని తెడ్లు బలముగా వేశారు (యోనా 1:13). చేతకానప్పుడు మాత్రమే, అదీ దేవునికి మొరపెట్టి, ఆ పని చేశారు.

మన సంఘములలో పాస్టరు గారిని పంపివేయాలనే తీర్మానములు వస్తూనే ఉంటాయి. కొన్నిసార్లు పంపవలసిన కారణములు నిజముగానే ఉంటాయి, ఉంటే వ్రాయవలసినదే. కాని ఆ మినిట్స్ పుస్తకములో ఆయన లోపములకు పై వరుసలో సంఘ పెద్దల వంతు, సభ్యుల వంతు కూడా వ్రాసి, చదివి వినిపించి, ఆ తరువాత ఓటు తీసికొనమని మా మనవి.